తల్లిమన్ను

సాలకాంతారంలో తొలకరి వాన కురిసి వెలిసిన ఉదయం అది. మణిసేతు రాజ్యపు యువరాజు అరుణాంకుడు ఊబి అంచున నిలబడి ఉన్నాడు. అతని చేతులను వెనక్కి విరిచి అడవితీగతో బిగించి కట్టారు. పక్కనే గండన్న. ఒకప్పుడు రాజ్యమంతటా పేరుమోసిన మల్లుడు, ఇప్పుడు రాజుగారి వంటశాలకు పెద్ద. అతణ్ణి కట్టడానికి యువరాజుకు పట్టిన తీగకు రెట్టింపు తీగ పట్టింది.

వాళ్లు చేసిన నేరం ఒక్కటే. గుగ్గిలం వర్తకుల వేషంలో అడవిలోకి వచ్చి, ఒక గుగ్గిలం మొక్కను వేరుతో సహా పెరికారు. ఈ అడవిలో పండు కోసుకోవచ్చు, ఎండుకట్టె ఏరుకోవచ్చు, చెట్టు కార్చిన గుగ్గిలాన్ని గీకి సంచికెత్తుకోవచ్చు. పచ్చని వేరును మాత్రం నేలనుంచి ఎడబాపకూడదు. ఎడబాపినవాడు ఊబికి ఆహారమవుతాడు.

ఆ సంగతేమీ తనకు పట్టనట్టు అడవి వెలిగిపోతోంది. ఆకాశాన్ని మోసే స్తంభాల్లా గుగ్గిలం చెట్లు బారులు తీరి నిలబడ్డాయి. వాటి పాదాల దగ్గర తడినేల పుట్టగొడుగులతో రత్నాల అంగడి తెరిచింది. కుంకుమ పోసినట్టున్న ఎర్ర గొడుగులు, చిలకరెక్క రంగు గొడుగులు, పగడపు తీగల్లా కొమ్మలు చాచిన పసుపు గొడుగులు. పడిపోయిన మానుల మీద ఏనుగు చెవులంత వెడల్పున మెట్లు మెట్లుగా పేరుకున్నవి కొన్ని. చెదపుట్టల మీద ముత్యాల ఛత్రాల్లా విచ్చుకున్న తెల్ల పుట్టకొక్కులు కొన్ని. కాలు తగిలితే చాలు, గోధుమరంగు పొగ చిమ్మి ముడుచుకుపోయే ఉండలు మరికొన్ని.

"ప్రభూ, ఆ పుట్ట మీద తెల్లవాటిని కాస్త ఉల్లిపాయ, మిరియం వేసి వేపితే..." అంటూ గండన్న ఆగిపోయాడు. ప్రాణం పోబోతున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఊబికి అవతల, నున్నని బండమీద వనరాణి కురువింద కూర్చుని ఉంది. నడివయసు మనిషి. నెరిసిన జుట్టును ఎత్తుగా ముడివేసి, చేతిలో వెదురు ఈటె పట్టుకుంది. ఈ అడవిలో ఆమె మాటే శాసనం.

"వర్తకుణ్ణి ప్రభూ అని ఎవడూ పిలవడు" అందామె. "ఎవరు నువ్వు? చివరి మాటగా నిజం చెప్పి పో."

అరుణాంకుడు దాచలేదు. తన పేరు, తన రాజ్యం చెప్పాడు. తమ నగరం నెత్తిన ఉన్న కపిలగిరి గురించి చెప్పాడు. తాను చిన్నవాడుగా ఉన్నప్పుడు భస్మజటి అనే మాంత్రికుడు ఆ కొండమీది గుగ్గిలం అడవిని తగలబెట్టి, ఆ బూడిదను ఒంటికి పూసుకుని మరో వందేళ్ల ఆయువు సంపాదించుకున్నాడు. అప్పట్నుంచి ప్రతి వానకూ కొండ కరిగి నగరం మీద పడుతోంది. ఏటా గింజలు తెచ్చి నాటుతున్నారు. అవి మొలుస్తాయి, జానెడు లేస్తాయి, పసుపెక్కి చస్తాయి. మాంత్రికుడి శాపమని జనం నమ్మకం. ఈసారి నాటిన మొక్కలు కూడా నిలవకపోతే నగరం విడిచిపోవాలని మంత్రులు తీర్మానించారు. విడిచిన నగరాన్ని భస్మజటి కోటగా చేసుకుంటాడు.

"నాకు ప్రాణభిక్ష వద్దు తల్లీ. ఒక్క జవాబు కావాలి" అన్నాడు అరుణాంకుడు. "మా కొండమీద మొక్కకు ఎండ ఉంది. కావళ్లతో నీళ్లు మోశాం. ఎరువు వేశాం. మీ అడవిలో మొక్కకు ఎండపొడే తగలదు, పెద్దచెట్టు నీడ మింగేస్తోంది. అయినా మీది పచ్చగా ఉంది, మాది చస్తోంది. ఎందుకు? అది తెలుసుకుందామనే వేరు పెరికాను. చూసేలోగా మీవాళ్లు పట్టుకున్నారు. ఆ జవాబు ఈ గండన్నకు చెప్పి పంపండి. పెరికింది నేనే గనక నన్ను తోసెయ్యండి."

"నేను పోను" అన్నాడు గండన్న. "నాకు వంటలు తప్ప ఏవీ గుర్తుండవు. జవాబు కావాలంటే ఈయన్నే పంపాలి."

రాజుల మనుషులు ఈ అడవికి ఎందరో వచ్చారు. అందరూ చెట్టు కొట్టుకుపోవడానికి వచ్చినవారే. అది ఎలా బతుకుతోందని అడిగినవాడు కురువిందకు ఇంతవరకూ తారసపడలేదు. ఆమె లేచి వచ్చి, వాళ్లు పెరికిన మొక్కను చేతిలోకి తీసుకుని అతని కళ్లముందు పెట్టింది.

"ఇది వేరు. దీని కొసకు తెల్లగా తొడుగులా ఉందే, అది వేరు కాదు. అదిగో, ఆ ఎర్రగొడుగుది. పైన కనబడే గొడుగు దాని పువ్వు మాత్రమే. అసలు ప్రాణి నేలకిందే ఉంటుంది. వెంట్రుకకన్నా సన్నని దారాలై అడవంతా పరుచుకుని ఉంటుంది. వేరు దూరలేని సందుల్లోకి అది దూరుతుంది. నీళ్లు తెస్తుంది, రాతిలోని ఉప్పును కరిగించి తెస్తుంది. బదులుగా చెట్టు తన ఆకుల్లో వండుకున్న తీపిని దానికి పెడుతుంది. నీడలో ఉన్న పిల్లమొక్క ఎలా బతుకుతోందన్నావు. పక్కనున్న పెద్దచెట్టు వండిన దాంట్లో కొంత ఈ దారాల్లోంచే దానికీ అందుతుంది."

"కనబడే గొడుగులన్నీ చెట్టుకు చుట్టాలేనా?"

"కాదు. ఆ చెవుల్లాంటివి చచ్చిన కట్టెను తిని మన్ను చేస్తాయి. పుట్టమీదవి చెదలు పెంచుకునే పంట. నల్లతాడులా పాకేది ఒకటుంది, అది బతికున్న చెట్టు పీకనే నులుముతుంది. చెట్టుతో కాపురం చేసేవి వేరే. వాటిలో ఎన్ని రకాలో నాకే తెలియదు. ఎండకు ఓర్చేది ఒకటి, తడికి ఓర్చేది ఒకటి. పిల్లచెట్టును పట్టుకునేది ఒకటైతే, ముసలిచెట్టు దగ్గరకే చేరేది ఇంకొకటి. ఒక్క రకమే ఉంటే వాన తప్పిన ఏడు అడవంతా ఒరిగిపోతుంది."

అరుణాంకుడి ముఖం బిగుసుకుంది. "అడవి కాలిన మర్నాడు భస్మజటి భూతాలు మా కొండమీది పైమన్నును మోకాటి లోతున చెక్కేశాయి. తట్టలకెత్తి నదిలో పారబోశాయి. ఎందుకు చేస్తున్నాయో అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు."

"అయితే మీ కొండమీద శాపం లేదు నాయనా" అంది కురువింద. "దారం లేదు."

ఆ మాట విన్నాక అరుణాంకుడికి ఊబి గుర్తులేదు, కట్లు గుర్తులేవు. శాపాన్ని విప్పడానికి మంత్రం కావాలి. పోయిన మన్నును తిరిగి తేవడానికి భుజాలుంటే చాలు.

"నాకు ఈ అడవి మన్ను కావాలి" అన్నాడు.

"ఇవ్వను. తవ్వితే దారం తెగుతుంది. నీ కొండ కోసం నా అడవికి గాయం చెయ్యను."

"అయితే నేను ఇక్కడే ఉంటాను. మీరు ఇచ్చేదాకా అడుగుతూనే ఉంటాను. ఊబిలో తోస్తే మా తమ్ముడు వచ్చి అడుగుతాడు."

కురువింద ఏదో అనబోయింది. అంతలో తూర్పున చెట్లు విరిగిన చప్పుడు. కాపలాదారు ఒకడు గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"రాణమ్మా, పంది వస్తోంది. భస్మజటి పంది."

పొదలు చీల్చుకుని భూతవరాహం బయటపడింది. ఏనుగు గున్నంత శరీరం, బూడిదరంగు వెంట్రుకలు, బాకుల్లా వంకరతిరిగిన కోరలు. కళ్లు మాత్రం సున్నం పోసినట్టు తెల్లగా ఉన్నాయి. దానికి చూపు లేదు. అది ముట్టెతోనే లోకాన్ని చూస్తుంది. నేలకింది దారాలను పసిగట్టి వాటిని ఛిద్రం చెయ్యడానికి మాంత్రికుడు దాన్ని పెంచాడు. ఈ అడవి నేల ఎండితే నిప్పు పెట్టడం సులువు. అది నాగలి పెట్టినట్టు నేలను చీలుస్తూ, మట్టి అడుగున దాగిన ఉరుముకాయలనే గుండ్రని గొడుగులను కరకర నములుతూ దూసుకొచ్చింది. బాణాలు దాని చర్మం మీద పడి పుల్లల్లా రాలిపోయాయి.

అది వనంలోకెల్లా పెద్దదైన గుగ్గిలం చెట్టువైపు తిరిగింది. కురువింద ఈటె నిలువుగా పట్టి ఆ చెట్టు ముందు నిలబడింది. కదలలేదు.

గండన్న ఊపిరి బిగించి భుజాలు విదిలించాడు. తీగలు పటపట తెగాయి. అరుణాంకుడికి మాత్రం కట్లు అలాగే ఉన్నాయి. అతను చుట్టూ చూశాడు. పది బారల దూరంలో కాపలాదారుల నెగడు మండుతోంది. దాని పక్కన తాము సేకరించిన గుగ్గిలం సంచి ఉంది. చూపులేనిదాన్ని కట్టడి చెయ్యాలంటే ముక్కునే మూయాలి. అతను పరుగెత్తి, కాలితో సంచిని నెగట్లోకి తన్నాడు.

తెల్లని పొగ దట్టంగా లేచి వనమంతా కమ్మింది. వరాహం పరుగు ఆపింది. ముట్టె పైకెత్తి అటూ ఇటూ ఆడించింది. పరిమళం తప్ప దానికి ఏదీ అందలేదు. పిచ్చెత్తినట్టు గిరగిరా తిరిగి, ఊబి అంచున జారి, బురదలో కడుపుదాకా దిగి, అతి కష్టం మీద లేచి, కూతలు పెడుతూ వచ్చిన దారినే పారిపోయింది.

పొగ విచ్చుకునేసరికి నేలంతా చిందరవందరగా ఉంది. పెళ్లగిలిన మట్టిపెళ్లల్లో తెల్లని దారాలు బయటపడి సాలెగూళ్లలా వేలాడుతున్నాయి. కురువింద మోకాళ్ల మీద కూర్చుని వాటిమీద ఆకులు కప్పసాగింది. ఆమె సైగతో కాపలాదారొకడు అరుణాంకుడి కట్లు కోశాడు. అతనూ ఆమె పక్కన కూర్చుని ఆకులు కప్పాడు. గండన్న తన ఉత్తరీయాన్ని తడిపి తెచ్చి పరిచాడు.

చాలాసేపటికి కురువింద తలెత్తింది. "కప్పగలిగినంత కప్పాం. ఆ చెల్లాచెదురైన పెళ్లలు మళ్లీ అతకవు. పొద్దెక్కితే ఎండి చస్తాయి." ఒక పెళ్లను చేతిలోకి తీసుకుంది. "తవ్వకూడదని కదా మా కట్టుబాటు. దీన్ని నువ్వూ తవ్వలేదు, నేనూ తవ్వలేదు. తీసుకుపో."

ఆమె తానే దగ్గరుండి ఎత్తించింది. ముసలిచెట్టు పాదం దగ్గరి మన్ను, పిల్లచెట్ల మధ్య మన్ను, మెట్టమీదిది, పల్లంలోది, అన్నీ కలిపి కావడి కుండల్లో నింపించింది. పంది పెళ్లగించిన లేత గుగ్గిలం మొక్కలను వాటిలోనే నిలిపింది. "దారం పట్టుకోవడానికి వేరుండాలి. ఎండ తగలనివ్వకు. ఎండిపోనివ్వకు, అలాగని నీళ్లు నిలవనివ్వకు. ఆ పందికి ఈ వాసన ఆమడదూరం నుంచి తెలుస్తుంది. ధూపం ఆరనివ్వకు."

"మీ అడవికి నేనేం చెయ్యగలను తల్లీ?"

"ఆ పంది ఇటు రాకుండా చూడు" అంది కురువింద. "అది చాలు."

అడవి దాటాక క్రౌంచదుర్గపు రాజ్యం వచ్చింది. ఆ రాజు భస్మజటికి దాసుడు. సాలకాంతారం నుంచి గుప్పెడు మన్ను కూడా క్రౌంచ కనుమ దాటకూడదని కట్టుదిట్టం చేశాడు. గండన్న దానికి ఉపాయం ఆలోచించాడు. కుండల్లో మన్ను పైన నవధాన్యాలు చల్లాడు. దారి పొడవునా నీళ్లు చిలకరిస్తూ నడిచారు. కనుమ చేరేనాటికి కుండలన్నీ లేతపచ్చని మొలకలతో నిండి, అచ్చంగా పెళ్లిపాలికల్లా తయారయ్యాయి. అరుణాంకుడు నుదుట బాసికం, బుగ్గన చుక్క, కాళ్లకు పారాణి పెట్టుకుని కావడి ఎత్తాడు. గండన్న మేనమామ తలపాగా చుట్టి, ధూపపు మూకుడు చేతబట్టి ముందు నడిచాడు.

కనుమ దగ్గర గుబురు మీసాల కావలి నాయకుడు అడ్డుపడ్డాడు. "ఆగండి. ఆ కుండల్లో ఏంటి?"

"పాలికలండీ. మా మేనల్లుడి పెళ్లి. పెళ్లికూతురి ఊరు ఏటి అవతల."

"పెళ్లికొడుకే కావడి మోస్తున్నాడేం?"

"పట్టుదల మనిషండీ. పాలికలు పరాయి భుజం ఎక్కకూడదని వాళ్ల అవ్వ చెప్పిందట. పోనీ నేను మోస్తానురా అంటే వినడు. ముహూర్తానికి వీడి భుజం ఊడి చేతికొస్తుందేమోనని నా భయం."

నాయకుడు వంగి చూశాడు. "మొలకల మధ్య ఈ పెద్దాకు ఏంటి? గుగ్గిలం మొక్కలా ఉంది."

గండన్న ముఖం మారలేదు. "మా ఇంటిపేరు గుగ్గిలం వారండీ. ఇంటి చెట్టు లేనిదే పాలిక పెట్టం."

భటులు నవ్వారు. నాయకుడు నవ్వలేదు. ఈటె తీసి ఒక కుండలోకి కసుక్కున దించాడు. లోపల ఏదైనా దాచారేమోనని అటూ ఇటూ తిప్పాడు. తిప్పిన ప్రతిసారీ ఎన్ని దారాలు తెగుతున్నాయో అరుణాంకుడికి తెలుసు. కావడిబద్ద మీద అతని పిడికిలి బిగుసుకుంది. పెళ్లికొడుకులా తల వంచుకుని నిలబడ్డాడు. ఈటెకు మట్టి తప్ప ఏదీ తగలలేదు.

"సరే, పోండి" అన్నాడు నాయకుడు. "ఆ నిప్పు మాత్రం ఆర్పి పోవాలి. కనుమలో రెండువైపులా గడ్డి మోపులున్నాయి."

"శుభకార్యం నాయకా, ధూపం ఆర్పితే..."

"ఆర్పమన్నాను."

భటుడొకడు గండన్న చేతిలోని మూకుడు లాక్కుని నీళ్లు కుమ్మరించాడు. బుస్సుమని ఆవిరి లేచి గాలిలో కలిసిపోయింది. అరుణాంకుడు గండన్న వైపు చూశాడు. ఇద్దరూ నడక వేగం పెంచారు.

కనుమ సగం దాటేసరికి గాలి మళ్లింది. తడిమన్ను వాసనను మోసుకుని అది అడవివైపు వీచింది. కనుమ చివరికి వచ్చేసరికి, వెనక ఎక్కడో దూరాన, రంపంతో రాతిని కోసినట్టు ఒక కూత వినిపించింది.

"పరుగెత్తండి ప్రభూ" అన్నాడు గండన్న.

నీలవేణి నది వరదమీద ఉంది. ఎర్రని నీళ్లు సుడులు తిరుగుతూ మానులను పుల్లల్లా ఈడ్చుకుపోతున్నాయి. పడవవాడు రేవు విడిచి ఎప్పుడో పోయాడు. గట్టున తోటలో గాలికి పడిన అరటిచెట్లు ఉన్నాయి. గండన్న వాటి బోదెలను ఒక్కొక్కటే ఎత్తి తెచ్చి తాళ్లతో బిగించాడు. తెప్ప నీట దిగింది. కుండలను మధ్యలో పెట్టి, తడిగుడ్డ కప్పి, ఇద్దరూ చెరోవైపు ఈదుతూ నెట్టసాగారు.

నడినదికి వచ్చాక వెనక గట్టు విరిగినంత చప్పుడయింది. భూతవరాహం నదిలోకి దూకింది. ముట్టె పైకెత్తి, నీటిని రెండుగా చీలుస్తూ సూటిగా తెప్పమీదికే వచ్చింది. అరుణాంకుడు నడుములో దాచిన కత్తి దూసి దానికి ఎదురు ఈదాడు. చెవి మొదట ఒక పోటు పొడిచాడు. అది తల విసిరింది. కత్తి ఎగిరి నీళ్లలో పడింది. దాని భుజం తగిలి తెప్ప తలకిందులైంది. కుండలు ఒక్కొక్కటే బుడగలు కక్కుతూ మునిగాయి. గుగ్గిలం మొక్కలు కాసేపు నీటిమీద పచ్చగా తేలి, సుడిలో పడి మాయమయ్యాయి.

అంతలో కొట్టుకొచ్చిన మాను ఒకటి వరాహాన్ని ఢీకొట్టి దిగువకు తోసుకుపోయింది.

అరుణాంకుడు అవతలి గట్టుకు చేరి ఇసుకలో బోర్లాపడ్డాడు. కొంచెం దూరంలో గండన్న నీళ్లలోంచి లేచి వస్తున్నాడు. అతని నెత్తిన ఒక కుండ ఉంది.

"ఒక్కటే దక్కింది ప్రభూ" అన్నాడు ఏడుపు గొంతుతో. "రెండోదాన్ని కూడా పట్టుకుందును. చెయ్యి జారింది."

అరుణాంకుడు లేచి గుడ్డ తీసి చూశాడు. మన్ను తడిసింది గాని కరగలేదు. రెండు మొక్కలు నిలబడే ఉన్నాయి. నీళ్లు వడకట్టి, ఆకు కప్పి, కుండను గండన్న నెత్తికే ఎత్తాడు. "పద. ఒక్క కుండతో ఒక్క మూలైనా మొదలుపెడదాం. తర్వాత మళ్లీ వెళదాం. కావాలంటే ప్రతి ఏడూ వెళదాం."

నది దాటితే కపిలగిరి పాదభూమి. ఇదీ ఒకప్పుడు అడవే. ఇప్పుడు గోరంత నీడ లేదు. ఎర్రని నేలమీద గాలికి ఎగిరొచ్చిన రెక్కల గింజలు అక్కడక్కడ మొలిచి, జానెడు ఎత్తున పసుపెక్కి తలలు వాల్చాయి. వాటి మధ్య నడుస్తూ అరుణాంకుడు హఠాత్తుగా ఆగాడు.

ఎదురుగా ఒక గుగ్గిలం మొక్క ఉంది. నడుమెత్తు ఉంది. ఆకు నిగనిగలాడుతోంది. దానికి కాస్త దూరంలో ఇంకొకటి. ఆపైన మరొకటి.

అతను మోకాళ్లమీద కూర్చుని వేళ్లతో నేల గీకాడు. వేరు కొసన తెల్లని తొడుగు కనిపించింది. "గండన్నా, ఇక్కడికి మన్ను ఎవరు తెచ్చారు?"

గండన్న కుండ దించి, మొక్క మొదట ఉన్న నల్లని పెళ్లను విరిచి వాసన చూశాడు. "మన్ను కాదండీ. పేడ. పంది పేడ. ఎప్పుడో ఎండిపోయింది. అదుగో, ఆ గుంటలు దాని గిట్టలే. మాంత్రికుడు ఉండే గుహకూ అడవికీ ఇదే దాని దారయినట్టుంది." ఆ పెళ్లలోంచి తోలులాంటి ముక్క ఒకటి లాగి చూపించాడు. "ఇది ఉరుముకాయ తొక్క. వంటలో నేనెరుగుదును, ఎంత ఉడకేసినా మెత్తబడదు."

అరుణాంకుడు ఆ తొక్కను అరచేతిలో నలిపాడు. గోధుమరంగు పొడి రాలింది. అడవిలో కాలు తగిలితే చిమ్మిన పొగ ఇదే రంగు. అది పొగ కాదు, విత్తనం. పంది తిన్నది దాని కడుపులో చావలేదు. పడినచోటల్లా దారమై లేచి, దగ్గరున్న వేరును పట్టుకుంది. మాంత్రికుడు అడవిని చంపడానికి పెంచిన జంతువే, తెలియకుండా, ఆ అడవిని ఇక్కడిదాకా మోసుకొచ్చింది.

"గండన్నా, ఆ పంది ఈ నాలుగు రోజులూ ఏం తిని ఉంటుంది?"

"ఏముంది ప్రభూ, ఆ అడవిలో దొరికిన ఉరుముకాయలన్నీ..." గండన్న తన చేతిలోని పేడపెళ్ల వైపు చూశాడు.

"మన దగ్గర ఒక కుండే ఉంది. దాని కడుపులో ఒక అడవి ఉంది" అన్నాడు అరుణాంకుడు. "కొండమీద ఈ ఏడు నాటిన మొక్కలు ఇంకా చావలేదు. నువ్వు కుండతో కాలిబాట పట్టి పైకి పో. తూర్పు వాలులో నీడపట్టున దించు. మొక్కలకు కాపలాగా ఉన్న మనవాళ్లను గుడారాల్లోంచి తప్పించు. నేను దాన్ని కొండంతా తిప్పుతాను."

"అది మిమ్మల్ని చీల్చేస్తుంది."

"దొరికితే కదా."

"కొండంతా అంటే ఎంతసేపు ప్రభూ?"

"అది తిన్నది అరిగేదాకా."

గండన్నకు నవ్వు రాలేదు. యువరాజు ముఖం చూస్తే వాదించి లాభం లేదని తెలిసింది. అతను కుండ నెత్తికెత్తుకుని, వెనక్కి చూడకుండా కాలిబాట పట్టాడు.

అరుణాంకుడు కుండలోంచి తీసి ఉంచుకున్న గుప్పెడు మన్నును మెడకు, గుండెకు, చేతులకు పట్టించాడు. తడిమన్ను వాసన గుప్పుమంది. దిగువన గట్టెక్కిన వరాహం ఒళ్లు విదిలించి, ముట్టె ఎత్తింది.

అప్పుడే అవతలి గట్టున కొమ్ము మోగింది. బూడిదరంగు జడలు మోకాళ్లదాకా వేలాడుతున్న మనిషి ఒకడు అక్కడ నిలబడి, ఎముక కొమ్ము ఊదుతున్నాడు. అరుణాంకుడు అతణ్ణి చిన్ననాడు మంటల వెలుగులో ఒకే ఒక్కసారి చూశాడు. ఇన్నేళ్లకూ ముఖం మారలేదు. భస్మజటి తన పందిని వెనక్కి పిలుస్తున్నాడు. పాదభూమిలో తన పంది నడిచే దారి వెంటే పచ్చగా నిలిచిన మొక్కలు అతని కళ్లకూ కనబడ్డాయి.

వరాహం ఆగింది. దాని చెవులు కొమ్ము వైపు తిరిగాయి. ముట్టె మాత్రం అరుణాంకుడి వైపే ఉంది. కొమ్ము మళ్లీ మోగింది, ఈసారి కోపంగా. అది ఒక అడుగు నదివైపు వేసింది.

అరుణాంకుడి చేతిలో కత్తి లేదు. అతను వెనక్కి తగ్గలేదు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, తన వాసన పందికి అందే వైపు నుంచి దానికి ఎదురుగా నడిచాడు. దాని ఊపిరి తన ఒంటికి వేడిగా తగిలేదాకా నడిచాడు. మట్టి పూసిన చేతిని చాచి దాని ముట్టెమీద బలంగా చరిచాడు.

కొమ్ము మూడోసారి మోగింది. దాన్ని వినే చెవులు అప్పటికే మూసుకుపోయాయి. వరాహం గర్జించింది.

ఎదురుగా కపిలగిరి బోడిగా, ఎర్రగా, వానకు తడిసి నిలబడి ఉంది. అరుణాంకుడు దాని శిఖరాన్ని చూసి పరుగు తీశాడు. వెనక నేల అదరడం మొదలైంది.